చెంపకు తెలియని గుడ్డ

రెడ్డెమ్మ సీసాను మళ్లీ మొదటి నుంచి దొర్లించింది. బట్టలుతికే బండ మీద పరిచిన నారపట్టీ రెండు మూరల పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పు. సీసా ముందుకు పోయినప్పుడల్లా గుడ్డలోని సబ్బునురగ అంచుల్లోంచి బుసబుసా పైకొచ్చింది. ఆ నురగను వేలితో తీసి మళ్లీ గుడ్డకే పూసింది. అది ఇరవయ్యో రోజు.

మంగలి పని చేసే మొగుడు మల్లప్ప దగ్గరున్న పాత మడత కత్తికి సానరాయి పదునిస్తుంది. ఆ పదునుకు బుద్ధి నేర్పేది మాత్రం ఈ పట్టీ. కత్తి ముందు నార మీద నడవాలి, ఆ తర్వాత తోలు మీద. నార బిరుసుగా ఉందా, కత్తి వెంట్రుకను కొయ్యదు, పీకుతుంది. కొత్త నారగుడ్డేమో అట్టముక్కకు అక్కలాంటిది. వేడినీళ్లలో నానబెట్టి గంజి వదిలించాలి. సబ్బు పట్టించి సీసాతో దొర్లించాలి. దండేనికి వేలాడదీసి, ముడుచుకుపోకుండా కింద గుండ్రాయి కట్టాలి. ఆరినాక రెండు చేతుల్తో నలపాలి. తెల్లారితే మళ్లీ మొదటికి. ఇట్లా ఇరవైఒక్క రోజులు.

చివర్లో అత్త నేర్పిన పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకుని పట్టీని చెంపకు ఆనించుకోవాలి. ఆనిందని చెంపకు తెలిసిందంటే ఇంకా కానట్టు.

నలభై రెండేళ్ల కాపురంలో ఇది పదో పట్టీ. ఆమె రెండు బొటనవేళ్లూ మొదళ్ల దగ్గర పసుపుకొమ్ముల్లా ఉబ్బి, చలికాలం వస్తే జడ అల్లుకోనివ్వవు. అప్పట్లో పుంగనూరులో వాళ్ల ఇంటి అరుగు మీద గడ్డం గీయించుకున్నవాళ్లంతా లేచి చెంపలు తడుముకుంటూ "మల్లప్ప చెయ్యి వెన్న" అనేవాళ్లు. రెడ్డెమ్మ ఆ మాట గుమ్మం ఇవతల నుంచి విని పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసేది. వెన్న యాడ చిలికితే వచ్చిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు అందరివీ వాడి పారేసే బ్లేళ్లే, మల్లప్పవి కూడా. మడత కత్తి ఇంటి పిల్లల పుట్టువెంట్రుకలకే బయటికొస్తుంది. కుప్పంలో ఉన్న కూతురు కుమారికి కొడుకు పుట్టి తొమ్మిదో నెల. ఆదివారం తాత చేత్తో గుండు. తొమ్మిది నెలల నెత్తి ఎంత మెత్తగా ఉంటుందో రెడ్డెమ్మకు తెలుసు. అందుకే ఈ పట్టీని మామూలు కంటే రెండు విడతలు ఎక్కువే రుద్దింది.

పట్టీని దండేనికేసి, గుండ్రాయి కట్టి, పాలకేంద్రానికి పోయి వచ్చింది. దండెం ఖాళీ. గుండ్రాయి నేల మీద ఒంటరిగా పడి ఉంది.

"పట్టీ యాడ?"

మల్లప్ప టీ ఊదుకుంటున్నాడు. "చంద్ర వచ్చినాడు. ఇయ్యాల మదనపల్లెలో వాని కొత్త సెలూన్ ఓపెనింగ్ గదా. గోడకి పెడతానన్నాడు. ఇచ్చేసినా."

"పీలికలైన పాతది ఉండాది గదా, అది ఇయ్యలేకపోతివా?"

"అది మాసిపోయిందంట. గుడ్డే గదా మే. ఇంకోటి రుద్దుదువులే."

ఆయన కత్తిని ఎవరైనా పట్టుకుపోతే "ఇనుమే గదా" అనేవాడా అని ఆమె ఆలోచించింది. చెప్పులేసుకుని మదనపల్లె బస్సెక్కింది. బస్సు దిగేదాకా "రుద్దుదువులే" అన్న మాట పంటి కింద రాయిలా కటుక్కుమంటూనే ఉంది.

మల్లప్ప తమ్ముడి కొడుకు చంద్రమోహన్ చెడ్డవాడేం కాదు. "రా పెద్దమ్మా" అని ఎదురొచ్చి, చేతికి చల్లటి కూల్‌డ్రింకు ఇచ్చి, ఏసీ కింద కూర్చోబెట్టాడు. ఎదురు గోడ మీద మూడు ఫొటోలు: ముత్తాత, తాత, మల్లప్ప. ముగ్గురికీ మీసాలు. వాటి కింద, చెక్క పలక మీద మేకులు కొట్టి, నారపట్టీ. లైటు కింద తళతళలాడుతోంది.

రెడ్డెమ్మ లేచి చెయ్యి చాపింది.

"తాకొద్దు పెద్దమ్మా, వార్నీష్ ఇంకా ఆరలేదు."

"వార్నీష్ యాల పూసినావురా?"

"మాసిపోకుండా. నూరేండ్లుంటాది."

"ఉండి ఏం జేస్తాది?"

ఆమె వేలు పెట్టనే పెట్టింది. ఇరవై రోజుల మెత్తదనం అప్పడమై కూర్చుంది. గోరు తగిలితే టక్కుమంది.

అంతలో ఓపెనింగ్‌కు వచ్చిన పెద్దమనిషి ఒకాయన కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. "ఏం పనితనమప్పా. ఎవురు చేసినారు?"

"మా తాతలది సార్. వంశం పని."

"మీ తాత పోయి పద్దెనిమిదేండ్లు," అంది రెడ్డెమ్మ. "ఈ గుడ్డ పోయిన నెల నేను బెంగళూరు నుంచి తెప్పించుకున్నేది. ఆయప్ప పైనించి దిగొచ్చి రుద్దిపోయినాడేమో, కనుక్కోరా."

పెద్దమనిషి కూల్‌డ్రింకు స్ట్రాను శ్రద్ధగా పరిశీలించాడు. చంద్ర నవ్వేశాడు. "మా పెద్దమ్మ తమాషా మనిషి సార్." అందరూ నవ్వారు. తర్వాత అందరినీ గోడ దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు. తీసేవాడు ఫోను పైకెత్తి ఆగాడు.

"పక్కకి జరగమ్మా. పట్టీ కనపడల్యా."

ఆమె జరిగింది. ఫొటోలోంచి బయటికి, తలుపులోంచి బయటికి, బస్టాండు దాకా జరిగింది. అక్కణ్ణుంచి కుమారికి ఫోను చేసింది.

"ఆదివారం గుండు వద్దు. పట్టీ పోయింది. బిరుసు కత్తి నేను బిడ్డ నెత్తిన పెట్టనియ్యను. పదో నెల సరి నెల, పనికిరాదు. పదకొండో నెలలో తీపిద్దాం."

"బ్లేడుతో కానిచ్చేద్దాంలేమ్మా."

"నీకూ నీ అన్నకూ ఏ బ్లేడుతో తీసినారు?"

కుమారి "నాయన అరుస్తాడు" అంది.

"అరిసేకి ఆయనకి తీరిక దొరకదులే. సాయంత్రానికి నేనే వస్తాండా."

మల్లప్ప మూడింటికి టీ తాగడానికి షాపు నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సంచీ ఉంది. రెడ్డెమ్మ జడ వేసుకుంటోంది. వేళ్లు వంగక మూడోసారి విప్పి అల్లుతోంది.

"యాడికి?"

"కుప్పం. పలమనేరులో మారితే పొద్దు మునిగేలోగా చేరతా."

"ఎప్పుడొస్తావు?"

"బండ మీద గుడ్డ పెట్టినా. రెండు పట్టీలకు సరిపడా తెప్పించింటిని, మిగిలింది అదే. దాన్ని చెంపకి ఆనించుకో. ఆనినట్టు తెలీకుండా పోయిన దినం ఫోను చెయ్యి."

మల్లప్ప పెరట్లోకి తొంగి చూశాడు. ముఖం తొలిసారి అద్దం ముందు కూర్చున్న కుర్రాడి ముఖంలా అయింది. "నాకేం తెలుసే ఆ పని?"

"మీ వంశం పనే గదా."

ఆమె గొంతు పెంచలేదు. పాలు ఉట్టి మీద ఉన్నాయని, పిల్లి వస్తుందని చెప్పి, సంచీ తీసుకుని ఆటో ఎక్కింది. వెనక్కి చూడలేదు. చూస్తే పాపం అనిపిస్తుందని ఆమెకు తెలుసు.

ఆటో చప్పుడు మలుపు తిరిగి పోయింది. టీ పెట్టి ఇచ్చేవాళ్లు లేక మల్లప్ప పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. గుడ్డను వేలితో గిల్లి చూశాడు, అది వంగలేదు. దాని పక్కన సగం అరిగిన సబ్బు. సబ్బుకు ఆనుకుని ఆకుపచ్చ సీసా, రెండు కొసల దగ్గరా నలభై రెండేళ్లు రెండు బొటనవేళ్లు ఆనిన చోట్ల మాత్రం గాజు తెల్లబడి, అవతలికి చూపు పోకుండా ఉంది.