తోడికోడలి పేజీ

కర్టెన్లు కుట్టడం చిన్న తోడికోడలికి నేర్పింది పెద్దావిడే. ఆ సంగతి ఆవిడ మరిచిపోదు, ఎవరినీ మరిచిపోనివ్వదు. అలాంటిది, ఇప్పుడు ఫోన్లో "దగ్గర్లో కర్టెన్లు కుట్టేవాళ్ళు" అని వెతికితే చిన్నదాని కొట్టు పైన, తనది కింద! కడుపు మండదూ? మండింది. తిండి కూడా సయించలేదు.

వెబ్‌సైట్ చేసిపెట్టినతను ఒక అడ్డదారి చెప్పాడు. "రోజూ అలాగే వెతకండి. ముందు మీ తోడికోడలి పేజీ తెరిచి, నచ్చనట్టు వెంటనే వెనక్కొచ్చెయ్యండి. తర్వాత మీ పేజీ తెరిచి తీరిగ్గా చూడండి. జనానికి మీ కొట్టే నచ్చుతోందనుకుని ఆ సెర్చే మిమ్మల్ని పైకి తెస్తుంది."

ఆవిడ తన పుట్టింటివాళ్ళందరినీ పురమాయించింది. తనూ కుట్టుమిషను ముందు కూర్చుని చిన్నదాని పేజీ తెరిచింది. వెంటనే వెనక్కి రావాలి కదా, రాలేకపోయింది. ఆ అంచు వంకరగా లేదూ? ఫోటో పెద్దది చేసి చూసింది. లేదు. ఎవరో తెగ మెచ్చుకున్నారే, ఏం రాశారో! అదీ చదివింది. రోజూ ఇదే తంతు.

కొన్నాళ్ళకి చిన్నదాని కొట్టు అన్నిటికన్నా పైకి పోయింది. తనది ఇంకా కిందికి జారింది. ఆవిడ వెబ్‌సైట్ అతన్ని పిలిపించి దులిపేసింది.

"నేను చెప్పినట్టే చేశారా అండీ?"

"అక్షరం పొల్లుపోకుండా!"

గుడ్డ ఇస్త్రీ చేస్తున్న భర్త నవ్వాపుకోలేకపోయాడు. "వెనక్కి ఎక్కడొచ్చావే? ఆ ఫోటోలు చూస్తూ పొయ్యి మీద పాలు కూడా మాడ్చావు. మీవాళ్ళూ అంతే, ఎంత బాగా కుట్టిందో అని నాకే ఫోన్ చేసి చెప్పారు. మన పేజీ మాత్రం తెరిచీ తెరవగానే మూసేస్తావు."

వెబ్‌సైట్ అతను తల పట్టుకున్నాడు. "ఆవిడ్ని మీరే చేతులారా పైకెక్కించారమ్మా."

అప్పుడే ఫోన్ మోగింది. చిన్నదే.

"అక్కా! మా కొట్టు మొదటి స్థానానికొచ్చింది! ఎవరో మా ఫోటోలు తెగ చూస్తున్నారక్కా. అందులోనూ నువ్వు నేర్పిన కుచ్చిళ్ళ ఫోటో మరీనూ. ఎవరోగానీ చల్లగా ఉండాలి."

"ఉంటార్లే," అంది పెద్దావిడ.

ఫోన్ పెట్టేసి మళ్ళీ ఆ ఫోటోయే తెరిచింది. కుచ్చిళ్ళు తనవే, తనకన్నా నున్నగా వచ్చాయి. ఎక్కడో ఒక వంక ఉండకపోదు. అది దొరికేదాకా ఆవిడ ఆ పేజీ మూసేలా లేదు.