మరకల్లేని ల్యాబు

వాడిన గిన్నెలు తోమడంలో ఒక న్యాయం ఉంది. వాడని కప్పులు తుడవడంలో ఏముందో పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకి అంతుపట్టలేదు. అద్దాల బీరువాలోని పింగాణీ కప్పుల్ని ప్రతి శనివారం దించాలి, తుడవాలి, మళ్లీ ఎక్కించాలి. వాటిలో ఇంతవరకూ ఎవరూ గుక్కెడు నీళ్లు తాగలేదు. "అవి చుట్టాలకమ్మా" అంటారు అత్తగారు. చుట్టాలొస్తే స్టీలు గ్లాసులే బయటికొస్తాయి. వచ్చినవాళ్లు అంత పెద్ద చుట్టాలు కారట.

ఆ శనివారం మాత్రం కప్పులకి సెలవు, కాలేజీ చూడ్డానికి వెళ్లాలి. పెళ్లితో ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టి, బయోటెక్నాలజీ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరతానని ఆమె చెప్పిన దగ్గర్నుంచీ భర్త హుషారుకి పట్టపగ్గాల్లేవు. "మా ఆవిడని చదివిస్తున్నాను" అని ఆఫీసంతా చెప్పుకున్నాడు. ఆమె ఇంకా చేరనేలేదు, ఆయన చదివించడం సగం అయిపోయింది. కాలేజీ కూడా ఆయనే వెతికాడు, సందు చివర. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరొచ్చు, అమ్మకి వేళకి అన్నం పెట్టొచ్చు. "నీ సౌకర్యం కోసమేనోయ్" అన్నాడు. నిజంగానే అలా అనుకుంటున్నాడు, పాపం.

అక్కడ ల్యాబుకి తాళం. ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి తీశాడు. మైక్రోస్కోపులకి ప్లాస్టిక్ ముసుగులు, బల్లల మీద ముఖం చూసుకోవచ్చు. ఎంత నీటుగా ఉందో చూడమని భర్త మురిసిపోయాడు. ఆమె సింకులో వేలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. మరక లేని వంటింట్లో వంట అవదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఖరీదైన సామాను కదా, పరీక్షలప్పుడే తీస్తామన్నాడు ప్రిన్సిపాల్.

పట్టుబట్టి రెండో కాలేజీకి ఆమే ఆయన్ని తీసుకెళ్లింది. రెండు బస్సులు మారాలి, క్లాసులు పొద్దున్నే. సింకు నిండా ఫ్లాస్కులు, తెల్లకోట్ల నిండా రంగు మరకలు. సూక్ష్మజీవుల్ని పెంచే గాజు పళ్లేలు రెండు చేతులా మోస్తున్న అమ్మాయొకతె "ఆంటీ, కాస్త ఆ తలుపు తీస్తారా" అంది. ఆయన ముక్కు మూసుకున్నాడు. ఆమె గుండెల నిండా పీల్చుకుంది. పని జరుగుతున్న వాసన అది.

ఇంటికొచ్చాక చెప్పింది. "రెండోదాంట్లో చేరుతున్నానండీ."

ముందు తేరుకున్నది అత్తగారు. "చేరనీరా. నన్ను అడ్డం పెట్టుకోకు, వడ్డించుకోడానికి నాకు చేతులున్నాయి."

ఆయన చాలాసేపు ఆలోచించి అసలు ప్రశ్న అడిగాడు. "మరి పొద్దున్న టీ?"

"మీరు పెడతారు" అందామె, ప్రేమగానే.

మంచివాడు, ఒప్పుకున్నాడు. ఆ రోజునుంచీ ఫోనులో టీ వీడియోలు శ్రద్ధగా చూస్తున్నాడు. పొయ్యి దగ్గరికి మాత్రం ఇంకా వెళ్లలేదు. క్లాసులేమో సోమవారం నుంచి. కాబట్టి ఇది చదివేవాళ్లు కాస్త దయతలిచి చెప్పండి బాబూ: ఈ వయసు మగమనిషిని చేర్చుకుని, రోజూ ప్రాక్టికల్స్ చేయించే కాలేజీ ఎక్కడన్నా ఉందా? ఇంటికి దూరమైనా ఫర్వాలేదు.