గేటు మీద రెండు దెబ్బలు

తడి రోడ్డు మీద బూట్ల చప్పుడు.

చప్... చప్... చప్... చప్...

ఇంకా తెల్లారలేదు. రాత్రి వాన చూరు నుంచి కారుతూనే ఉంది. నేను వెల్లకిలా పడుకుని ఉన్నాను, రెండు కాళ్ల మధ్య దిండుతో. పక్కకు తిరగకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు. కింద పడిన దువ్వెన వంగి తీసుకోకూడదు.

వినొచ్చు. వినడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ చప్పుడు వదినది. మా అన్నయ్య భార్య. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఎనిమిదేళ్లు కలిసి పరిగెత్తాం. కప్పులూ పతకాలూ గెలవడానికి కాదు. వదిన రోజంతా బడిలో నలభై మంది పిల్లల మీద అరుస్తుంది. నేను రోజంతా గడియారాల కొట్లో కూర్చుంటాను — కంటికి భూతద్దం, వంచిన మెడ, చీమ తలకాయంత మరలతో కుస్తీ. తెల్లవారుజామున ఆ గంట ఒక్కటే మాది. మొగుళ్లది కాదు, పిల్లలది కాదు. మాది.

వదిన మా ఇంటి ముందుకొచ్చి తాళంచెవితో గేటు మీద కొట్టేది. రెండే దెబ్బలు. ఇంట్లోవాళ్లు లేవకూడదు, నేను లేవాలి. అదీ లెక్క.

ఇవాళా కొట్టింది.

టంగ్... టంగ్...

కాసేపు ఆగింది. వెళ్లిపోయింది.

తుంటి కీలు మార్చి ఇరవై రోజులు. గేటు ఎందుకు కొట్టినట్టు? పుండు మీద కారం చల్లడానికి కాకపోతే?

సాయంత్రం వదిన వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఊరుకున్నానా? లేదు.

"రేపట్నించి గేటు కొట్టకు."

"అలవాటు పిల్లా. చెయ్యి దానంతటదే పోతోంది."

"అలవాటు మార్చుకో. చేతకాకపోతే దారి మార్చుకో."

మార్చుకుంది.

నోరా, వీపుకు తేకే అంటారు. నా నోరు వీపుకు తేలేదు. చెవులకు తెచ్చింది. తెల్లారగట్ల ఇప్పుడు చూరు నీళ్లు తప్ప ఏమీ వినపడదు.

అసలు తప్పు అంతకు ముందే జరిగింది.

లోలకం ఉన్న గోడ గడియారాన్ని కాస్త వంకరగా తగిలిస్తే టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం తేడా వస్తుంది. టిక్... టక్‌టిక్... టక్. కుంటుతుంది. దాన్ని నేను చూడక్కర్లేదు. కొట్లో ఆ మూల ఉన్నా ఈ మూల నుంచి చెబుతాను. ఆ చెవి వల్లే నా కొట్టుకు పేరు.

పోయిన ఏడాది, ఇలాంటి తడి రోడ్డు మీదే, వదిన ఆగింది.

"నీ ఎడమ అడుగు ఆలస్యంగా పడుతోంది పిల్లా. ఓసారి చూపించుకో."

"బూట్లు అరిగాయిలే."

మూడు జతల బూట్లు మార్చాను. అరిగింది బూట్లు కాదు.

నాకు వినపడలేదా? వినపడింది. వదిన కంటే రెండు నెలల ముందే వినపడింది. చప్... చప్‌చప్... చప్. విన్నాను, విననట్టు పరిగెత్తాను. ఊళ్లోవాళ్ల గడియారాలన్నీ సరిచేసే మహాతల్లిని!

అదీ నా ఏడుపు.

డాక్టరు మంచివాడే. "నడుస్తారు, మెట్లెక్కుతారు" అన్నాడు. పరుగో అని అడిగాను. "మూడో నెలలో చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాంని పట్టుకుని వేలాడాను. తిన్నా అదే, నిద్రపోయినా అదే. చూద్దాం. చూద్దాం.

వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి రోజు విడిచి రోజు వచ్చేది.

"నొప్పి పదికి ఎంతక్కా?"

"రెండు."

ఏడు.

పరిగెత్తేవాళ్ల రోగం ఇది. మొదటి మైలులో నొప్పి ఉత్తిదే, పట్టించుకోకపోతే కరిగిపోతుంది — ఎనిమిదేళ్లు అలా నమ్మాను, అది ఎనిమిదేళ్లు కరిగింది. ఈ నొప్పినీ అలాగే దాటేద్దామనుకున్నాను. ఆ పిల్ల నా రెండుని నమ్మింది. "సూపరక్కా" అంది. వాకరు తీసేసి చేతికి కర్ర ఇచ్చింది.

ఆరో వారం. మధ్యాహ్నం. మా ఆయన మందుల కొట్టుకు వెళ్లాడు. వంటింటి నుంచి వీధి తలుపు దాకా పదకొండు అడుగుల నడవ. కర్రను గోడకు ఆనించాను.

పరిగెత్తాను.

ఒకటి. రెండు. మూడు...

దేవుడా, మూడు అడుగులు! జుట్టుకు గాలి తగిలింది. నేను మళ్లీ నేనయ్యాను.

నాలుగోది పడలేదు. నేను పడ్డాను.

మా ఆయన వచ్చేసరికి గచ్చు మీద ఉన్నాను. మందుల సంచీ అక్కడే పడేసి పక్కన చతికిలబడ్డాడు. "పోటీకి ఎవరొచ్చారే?" అన్నాడు. ఆయన ఎప్పుడూ ఇంతే, ఇల్లు కూలుతున్నా ఓ హాస్యం ఆడతాడు. కానీ నా తల కింద పెట్టిన చెయ్యి ఆసుపత్రి దాకా తియ్యలేదు. నేను కళ్లు తెరవలేదు.

ఎక్స్‌రేలో సన్నటి గీత. కొత్త కీలు బాగానే ఉంది, తొడ ఎముక చిట్లింది. మళ్లీ వాకరు. ఎడమ కాలు నేలకు ఆనకూడదు, ఇంకో ఆరు వారాలు. డాక్టరు రాస్తున్నంతసేపూ ఆయన నోటి వంకే చూస్తూ కూర్చున్నాను.

ఈసారి చూద్దాం అనలేదు.

అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఆ తర్వాత ఎన్ని రోజులో... ఏడ్చాను. కొట్టు తాళం తియ్యలేదు. ఇంట్లో గోడ గడియారం ఆపించేశాను. ఫిజియో అమ్మాయి ఎంతక్కా అంటే గోడ వైపు తిరగబోయాను. తిరగకూడదు కదా. అలాగే పైకప్పు చూస్తూ పడుకున్నాను.

ఇవాళ మళ్లీ వాన.

ఇంకా తెల్లారలేదు. లేచాను. వాకరు ముందుకి, కుడి కాలు గెంతు. వాకరు ముందుకి, కుడి కాలు గెంతు. ఒంటి కాలితో ఒక సుఖం ఉంది, అడుగుల మధ్య తేడా రాదు. పదకొండు అడుగుల నడవ దాటడానికి యుగం పట్టింది. తలుపు. వాకిలి. గేటు.

నైటీ తడిసి ఒంటికి అంటుకుంది. ఇనుము చల్లగా ఉంది.

ఎక్కడో వెనక వీధిలో —

చప్... చప్... చప్...

వదినే.

చేతిలో కొట్టు తాళంచెవి. లోపలి నుంచి, నా వైపు నుంచి కొట్టాను.

టంగ్... టంగ్...

చప్పుడు ఆగింది.

వాన, చూరు, నా ఊపిరి. అంతే.

"నొప్పి ఏడు, వదినా!" అరిచాను. నాలుగిళ్లవాళ్లు లేచినా సరే. "రెండు కాదు, ఏడు! నువ్వు చెప్పకముందే విన్నాను... అప్పుడే విన్నాను..."



బూట్ల చప్పుడు మళ్లీ మొదలైంది. ఇటు వస్తోందో, అటు పోతోందో. ఇంత చెవి ఉండి ఏం లాభం, వానలో చప్పుడుకి దిక్కు తెలియదు. గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను, ఒంటి కాలి మీద.

తడి రోడ్డు మీద బూట్ల చప్పుడు.

చప్... చప్... చప్...