ఒక్కో గీత

పెయింటర్ తాత పొద్దున్నే రెండు గ్లాసుల్లో టీ పోస్తాడు. ఒకటి తాగుతాడు, రెండోది చల్లారాక పారబోస్తాడు. భార్య పోయి మూడేళ్లయినా ఆ చెయ్యి ఇంకా మాట వినడం లేదు. బడిలో ఆయాగా పనిచేసిన ఆ మనిషి ఇంటి ముందు పెద్దరోడ్డు దాటుతూనే పోయింది.

ఊళ్లో జనం రోడ్డు దాటడానికి తెల్లగీతలు గీసేది తాతే. అవి గీసినచోట కుదురుగా ఉండవు, జనం ఎక్కడ దాటితే అక్కడికి జరుగుతాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ రోజూ వాటిని వెతుక్కుంటూ స్టూలు మోసుకెళ్లడం అందరికీ అలవాటే.

పెద్దరోడ్డు మీద మాత్రం ఒక్క గీతా లేదు. అక్కడ దాటి బడికెళ్లేది కుట్టుపని చేసే ఆవిడ కూతురు ఒక్కతే. శుక్రవారం లారీ ఒకటి ఆ పిల్ల సంచిని రాసుకుంటూ పోయింది.

"బడీ వద్దు, గిడీ వద్దు. సోమవారం నేనే బడికొచ్చి పేరు కొట్టించేస్తా" అంది తల్లి.

తాత మున్సిపాలిటీ ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాడు.

"గంటకి ఇరవైమంది దాటితేనే గీతలయ్యా. ఒక్క పిల్లకి ఎలా వేస్తాం?"

"ఇరవైమంది అయ్యేదాకా ఆగితే ఆ ఒక్కతీ మిగలదు సార్."

"రూలు నేను రాశానా?"

ఆదివారం మధ్యాహ్నం తాత డబ్బా అడుగున మిగిలిన రంగుతో గుమ్మం ముందు గీత మొదలెట్టాడు. ఒక్కటి పూర్తయ్యేసరికి రంగు అయిపోయింది. అంత రోడ్డుకి ఒక్క గీత ఏ మూలకి? అరుగు మీద కూలబడి ఏడ్చాడు. ఏడవొద్దని చెప్పేవాళ్లు లేరు.

సోమవారం టీ పోసి తలుపు తీసేసరికి ఆ గీత పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి, అవతలి అంచుదాకా పరుచుకుని ఉన్నాయి. ఆస్పత్రి ముందుది, బస్టాండుది, కూరల మార్కెట్టుది. అన్నీ తన చేతివే.

"ఊరంతా ఒక్కోచోట ఒక్కో గీత తక్కువుంది. ఇక్కడికే వచ్చుంటాయనుకున్నా" అంటూ కానిస్టేబుల్ స్టూలు దించి, చెయ్యెత్తాడు. లారీ ఆగింది.

పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చిన తల్లి లారీనీ గీతల్నీ మార్చి మార్చి చూసింది. చెయ్యి వదిలేసింది.

"వెళ్లు. టీచరు దగ్గరికి నేను రానవసరం లేదులే."

పిల్ల గీత మీంచి గీత మీదికి గెంతుకుంటూ వెళ్లింది. ఆయా చేరుకోని అవతలి గట్టుకి చేరి, వెనక్కి తిరిగి చెయ్యూపింది.

తాత కళ్లు తుడుచుకున్నాడు.

"లోపల ఇంకో గ్లాసు పోసి ఉందయ్యా" అన్నాడు కానిస్టేబుల్‌తో, "చల్లారకముందే తాగు."