అలసట లేని గోళీ

దగ్గరికి జరగండి. ఆ తలుపు చేరవెయ్యండి, కొండగాలి లోపలికి దూరుతోంది. నేను చెప్పబోయేది మన ఊరు చెరియానాలోనే పుట్టి, మన చెరియానాలోనే పోయిన ఒనొరీనా సంగతి. ఆవిడ చేతి శనగపిండి రొట్టె తిన్నదాన్ని, ఆవిడ నోటితోనే ఈ కథ విన్నదాన్ని. పక్కన కూచుని చిక్కుళ్ళు వలుస్తూ విన్నాను కాబట్టి ఒకటి రెండు మాటలు అటూ ఇటూ అయితే అయ్యుండొచ్చు. అంతకుమించి నేను కలిపిందేం లేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో పడ్డ చలి లాంటిది మా అమ్మ కూడా ఎరగదు. తెల్లవారుజామున కొండ మీద తుపాకులు పేలినట్టు చప్పుళ్ళు వినిపించాయి. మళ్ళీ యుద్ధం వచ్చిందేమోనని ముసలాళ్ళు మంచాల కింద దూరారు. వెలుగొచ్చాక వెళ్ళి చూస్తే ఆలివ్ మానులు నిలువునా చీలి ఉన్నాయి. లోపలి రసం గడ్డకట్టి చెట్టునే పగలగొట్టింది.

ఒనొరీనాకి వాళ్ళమ్మ ఇచ్చిన మెట్ల చేను ఉండేది. కొండవాలుకి రాళ్ళు పేర్చి, బుట్టలతో మన్ను మోసి, ఎవరో ముత్తాతలు కట్టిన మెట్లు. ఆవిడకి బంగారం లేదు, బిడ్డలు కలగలేదు. ఉన్నది ఆ చేనొక్కటే. ఆవిడా, మొగుడు అంబ్రోజో చెరోవైపు రంపం పట్టి చెట్లన్నిటినీ నేలకి జానెడెత్తున కోసేశారు. మిగిలినవి ఉత్త మొదళ్ళు. వేరు బతికుంటే పిలకలేస్తాయి. ఆ పిలక పెరిగి చెట్టయి, కాయ కాసి, గానుగకి వెళ్ళేసరికి ఎన్నేళ్ళో. అన్నాళ్ళూ తినేదేమిటి?

చలి తగ్గీ తగ్గకముందే కింద సముద్రపొడ్డున ఉన్న సాన్రేమో పట్నం నుంచి సెమేరియా గారు వచ్చాడు. పూల వ్యాపారి. చలికి చచ్చిన చేలు కొని, మొదళ్ళు పెకలించి కార్నేషన్లు వేస్తున్నాడు.

"ఏం తల్లీ, చచ్చిన చెట్లకి కాపలా కాస్తున్నావా?" అన్నాడు.

"చచ్చాయో, పడుకున్నాయో ఎండలొస్తే తెలుస్తుంది" అంది ఒనొరీనా.

"ఎండలొచ్చేదాకా ఏం తింటావు?"

ఆయన చెడ్డవాడు కాదు, టోపీ తీసి మరీ అడిగాడు. "నేను తొందరపెట్టను. కాగితం రాయించి జేబులో పెట్టుకునే తిరుగుతుంటాను. ఎప్పుడు సరేనంటే అప్పుడే" అని చెప్పి వెళ్ళాడు.

అంబ్రోజో రోజూ బస్సెక్కి సాన్రేమో దిగి, పూల మార్కెట్లో పెట్టెలు మోసేవాడు. అక్కడ ఎవరో ఓడల్లో వంట చేసి వచ్చిన మనిషి వాడికో కిటుకు చెప్పాడు. ఆ సాయంత్రం సూప్ చల్లారిపోతున్నా చెంచా ముట్టకుండా అదే చెప్పుకుపోయాడు.

"కాసినోలో రూలెట్ చక్రం ఉంటుంది కదా. అందులో ఎర్ర గళ్ళెన్నో నల్ల గళ్ళన్ని. గోళీ వేసి తిప్పుతారు. అది ఏ గడిలో ఆగితే ఆ రంగు గెలిచినట్టు."

వాడి తల్లి మినెత్తా పొయ్యి దగ్గర కూచుని ఉంది. "మీ నాన్న కూడా ఒకసారి ఇలాగే సూప్ వదిలేసి, మేకలకి నాట్యం నేర్పి సంతల్లో ఆడిస్తానన్నాడు. ఆ మేకలు నా పెళ్ళి దుప్పటి తినేశాయి" అంది.

"అమ్మా, కాస్త విను. విరగ్గాసిన చెట్టు మరుసటేడు ఏం చేస్తుంది?"

"పడుకుంటుంది."

"ఎందుకు పడుకుంటుంది?"

"అలిసిపోయి. అదేం ప్రశ్నరా?"

"అంతే మరి. ఎరుపు అయిదుసార్లు వరసగా కాసిందనుకో, దానికీ అలుపొస్తుంది. అప్పుడు నలుపు మీద పెట్టాలి. పడలేదా, రెట్టింపు పెట్టాలి. అదీ పడలేదా, దానికి రెట్టింపు. నలుపు ఒక్కసారి పడితే చాలు, పోయినదంతా వెనక్కొచ్చి పైన మొదటి పందెమంత లాభం మిగుల్తుంది."

ఒనొరీనా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిణ్ణి తప్పు పట్టకండి. ఆలివ్ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికైనా ఆ మాట సూటిగా వెళ్ళి ఎముకలో కూచుంటుంది. ఒక ఏడు నూనె, ఒక ఏడు ఉత్తది, మన బతుకంతా అదే కదా. పెళ్ళిళ్ళు కాపు ఏడు చూసి పెట్టుకుంటాం. నిరుడు కాయలేదు కాబట్టి ఈ ఏడు కాస్తుందని కొత్త బూట్లు కొనుక్కుంటాం. పట్నంలో పెద్ద చదువులవాడెవడైనా చెప్పి ఉంటే ఆవిడ నవ్వేసేది. ఇది చెట్టు చెప్పిన మాట లాగా వినబడింది.

ఆ సాయంత్రమే అంబ్రోజో టోపీలో ఎర్ర చిక్కుడు గింజలు, నల్ల గింజలు సమానంగా పోశారు. కళ్ళు మూసుకుని ఒకటి తియ్యడం, చూడడం, మళ్ళీ టోపీలో వేసి కలపడం. అంబ్రోజో ముందు పందేనికి గిన్నెడు వాల్‌నట్‌లు. మినెత్తా కాసినో కొట్టువాడి వేషం కట్టింది. ఆటలోకి దిగుతూనే టోపీలో ఒక శనగగింజ పడేసింది.

"అదెందుకు?"

"చక్రంలో సున్నా కూడా ఉంటుందట కదా, ఎరుపూ కాదు నలుపూ కాదు. అది పడితే సొమ్ము కొట్టువాడిదట. ఆ శనగగింజ నాది. దీపం ఖర్చులు నాకూ ఉంటాయి కదరా."

అందరూ నవ్వారు. నిద్రవేళ దాకా ఆడితే అంబ్రోజో గిన్నె నిండి వాల్‌నట్‌లు బల్ల మీద పొర్లాయి. ముసలావిడ మూతి ముడుచుకుని పడుకోవడానికి వెళ్ళింది.

మొదట్లో కొంచెం డబ్బుతోనే వెళ్ళాడు. రోజూ మధ్యాహ్నం పెట్టెల పని అయ్యాక కాసినోలో గోడవారన నిలబడి ఎరుపుల్ని లెక్కపెట్టడం, అయిదు పడ్డాక నలుపు మీద పెట్టడం, ఒక్క లాభం తీసుకుని బస్సెక్కడం. ఓడిపోయి వచ్చిన రోజే లేదు. శుక్రవారం ఎండుచేప వచ్చింది. మినెత్తాకి దగ్గుమందు వచ్చింది. ఒకరోజు కాగితంలో చుట్టిన నారింజ మిఠాయి కూడా వచ్చింది. వసంతమంతా అలా గడిచింది. ఒనొరీనా పొద్దున్నే చేనుకి వెళ్ళి మొదళ్ళ చుట్టూ వేళ్ళతో మన్ను తోడి చూసేది. పిలక కనబడకపోయినా ఏడవడం మానేసింది. ఆగగలం, ఇవి లేచేదాకా ఆగగలం అనుకునేది.

అత్యాశ మొగుడికి పుట్టిందనుకుంటున్నారు కదూ. కాదు, ఆవిడకే పుట్టింది. చేనుకి పేడ కావాలి, కూలిన గోడరాళ్ళు మళ్ళీ పేర్చాలి. రోజూ ఒక రొట్టె లాభం దేనికి సరిపోతుంది? మొదటి పందెం పెద్దదైతే లాభమూ పెద్దదవుతుంది కదా అని ఆవిడే అంది. ఇంట్లో అమ్మడానికి మిగిలింది మోరా ఒక్కటే. వాళ్ళ కంచరగాడిద. నల్లగా నిగనిగలాడుతూ, ఒనొరీనా అడుగు చప్పుడు వింటే చెవులు తిప్పేది.

కొన్నవాడు తాడు పట్టుకుని లాగుతుంటే అది వెనక్కి తిరిగి చూసింది. "రెండు వారాల్లో నిన్ను తిరిగి కొనుక్కుంటాను" అని దాని చెవిలో చెప్పింది ఒనొరీనా.

మినెత్తా గుమ్మంలో నిలబడి, "రేపట్నుంచి పేడ ఎవరి వీపు మీద మోస్తారో చెప్పండి, గంట కొని మెళ్ళో కడతాను" అంది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఒనొరీనా కూడా వెళ్ళింది. పెళ్ళినాటి నల్లబట్టలు కట్టుకుని గోడవారన నిలబడింది. ఎరుపు అయిదుసార్లు పడింది. అంబ్రోజో నలుపు మీద పెట్టాడు. ఎరుపు పడింది. రెట్టింపు పెట్టాడు. ఎరుపు. మళ్ళీ రెట్టింపు పెట్టాడు, మళ్ళీ ఎరుపే. బల్ల చుట్టూ జనం మూగారు. పందెం పెరిగిన కొద్దీ అంబ్రోజో మొహం ఎండిన తోలులా బిగుసుకుపోయింది. చక్రం తిప్పేవాడు మాత్రం కూరగాయలు తూచేవాడిలా తాపీగా రంగు చెబుతూ, చిన్న పారతో సొమ్ము దగ్గరికి లాక్కుంటున్నాడు. చూస్తూండగానే మోరా అయిపోయింది. వసంతమంతా కూడబెట్టింది అయిపోయింది. బస్సు చార్జీ కూడా బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డ మీదికే వెళ్ళి, ఎరుపు పడి పోయింది.

అంబ్రోజో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. వెనకాల సెమేరియా గారున్నాడు. ఆయన పక్క బల్ల దగ్గర సరదాకి ఆడుకుంటున్నాడు.

"ఒనొరీనా, సరేనను. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. కాగితం మీద సంతకం రేపు పెట్టుకోవచ్చన్నారు. డబ్బు ఇప్పుడే ఇస్తారు."

"నేనుగా అడగలేదు తల్లీ. ఈయనే నా చొక్కా పట్టుకున్నాడు" అన్నాడు సెమేరియా, అటెటో చూస్తూ.

"ఇంత విరగ్గాసిన ఎరుపు ఇంకా ఎక్కడ కాస్తుందే? ఇంతకంటే ఖాయం ఇంకెప్పుడుంటుంది? ఇప్పుడు ఆపేస్తే పోయింది పోయినట్టే. ఒక్కసారి. మోరా వచ్చేస్తుంది, చేను వచ్చేస్తుంది, అన్నీ వచ్చేస్తాయి."

వాడి కళ్ళల్లో నీళ్ళు. సూప్‌లో వేసుకోవడానికి ఇంట్లో పిడికెడు చిక్కుళ్ళు కూడా ఉన్నాయో లేవో. ఆవిడ లోపల ఏదో 'నిజమే, అలిసిపోయే ఉంటుంది, ఇంత మోసిన కొమ్మ ఇంకా ఎలా మోస్తుంది' అంటోంది. సరే అనడానికి నోరు తెరిచింది.

అప్పుడే చక్రం తిప్పే మనిషి మారాడు. ఒకడు లేచి ఇంకొకడు కూచున్నాడు. కూచున్నవాడు చక్రంలో ఉన్న గోళీని రెండు వేళ్ళతో తీసి ఒక డబ్బీలో వేసి, అదే డబ్బీలోంచి ఇంకో గోళీ తీశాడు. రుమాలుతో తుడిచి చక్రం అంచున పెట్టాడు. పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకున్నంత మామూలుగా చేశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"ఆ పాతది ఏది?" అంది ఒనొరీనా.

"ఏది?"

"ఇందాకటి నుంచి ఎరుపు మోసీ మోసీ అలిసిపోయిందన్నావే, ఆ గోళీ."

"గోళీ ఏదైతేనేం, చక్రం అదేగా. త్వరగా చెప్పు, తిప్పేస్తున్నాడు."

"ఆ గోళీ డబ్బీలో ఉంది అంబ్రోజో. ఇది ఇప్పుడే బయటికొచ్చింది. ఇందాక ఏం పడిందో దీనికి ఎవరు చెప్పారు? చక్రమా? అది ఉత్త కొయ్య. మన మొదలుకి వేరుంది. నిరుడు ఎంత మోసిందో వేరుకి తెలుసు, అందుకే పడుకుంటుంది. దీనికి వేరెక్కడిది?"

"ఒనొరీనా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"చేను ఇవ్వను."

వాడు నిజంగానే వంగబోయాడు. ఆవిడ రెండు చేతులా వాడి చొక్కా పట్టుకుని గుమ్మం వైపు లాగింది. గుమ్మం దాటుతుండగా వెనక నుంచి ఆ కొత్తవాడి గొంతు వినిపించింది.

నలుపు.

అంబ్రోజో అక్కడే నిలబడిపోయాడు. ఒనొరీనా మొహం వైపు చూశాడు. ఆ చూపు తను చచ్చేదాకా మర్చిపోలేనని ఆవిడ నాతో అంది.

బస్సుకి డబ్బుల్లేవు కదా, కొండదారి పట్టుకుని నడిచారు.

"నలుపు పడింది" అన్నాడు వాడు.

"విన్నాను."

"నువ్వు సరేనని ఉంటే."

ఆవిడ గెలిచానని అనుకుంటూ నడిచిందనుకోకండి. తనే మోరాని అమ్మించింది. తనే అడ్డం పడింది. రెండూ తనే చేసింది. ఆ రెండోది తప్పో ఒప్పో తెలియక, ప్రతి మలుపులో 'నలుపు పడింది కదా, పడింది కదా' అని గుండె కొట్టుకుంది.

ఆ దిగులుతోనే మర్నాడు పొద్దున్న మళ్ళీ టోపీ దింపింది. గింజలు పోసింది. ఈసారి నిద్రవేళకి ఆపలేదు. వంట మధ్యలో, ఉతుకు మధ్యలో, రోజుల తరబడి ఆడింది. గిన్నె నిండేది, పొర్లేది, ఇంకా పొర్లేది. తర్వాత ఏదో ఒక పూట, ఏ సూచనా లేకుండా, ఒకే ఒక్క పొడుగాటి ఎర్ర వరస వచ్చి గిన్నె అడుగంటా ఊడ్చేసేది. మళ్ళీ నింపుకుని కూచునేది. మళ్ళీ అంతే. ఎర్రగింజ అయిదుసార్లు వచ్చాక ఆరోది నల్లదవుతుందా అని అదే పనిగా చూసింది. నల్లది ఎన్నిసార్లు వచ్చిందో, ఎర్రది కూడా దగ్గర దగ్గరగా అన్నిసార్లే వచ్చింది. అయిదు వచ్చాయని ఆ గింజలకి పట్టనే పట్టలేదు. మధ్యలో శనగగింజ వచ్చినప్పుడల్లా మినెత్తా చెయ్యి చాపి తన వాటా తీసేసుకునేది.

"చూశావా అత్తా?" అంది ఒనొరీనా.

"చూశానమ్మా. మొదటిరోజే త్వరగా పడుకోకుండా ఇంకా ఆడి ఉండాల్సింది" అంది ముసలావిడ. ఈసారి ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

అంబ్రోజో అటువైపు తిరిగి అంతా విన్నాడు. "టోపీలో గింజలు వేరు, ఆ చక్రం వేరు" అన్నాడు. కానీ మర్నాడు పొద్దున్న మోరా జీను కింద వేసే గోనె తీసి తన వీపున వేసుకున్నాడు. పేడబుట్ట ఎత్తుకుని చేను ఎక్కాడు. పగలు సెమేరియా గారి తోటలో కార్నేషన్లు కోసే కూలి, సాయంత్రం తమ మొదళ్ళకి పేడ. ఒనొరీనా వెనకాల ఇంకో బుట్ట. ఆ ఏడంతా ఆకలి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికీ తెలిసింది. ముసలావిడ ఆ చలికాలం దాటలేదు.

మొదళ్ళలో సగం లేవనే లేదు. లేచిన సగంలో మొదటి పిలక కనబడ్డ పొద్దున, ఒనొరీనా శాలువా కొంగుతో దాన్ని గాలికి అడ్డం కాసి కూచుంది. అంబ్రోజో పక్కన కూచుని చాలాసేపు దాన్నే చూశాడు. "ఆ రోజు నలుపే పడింది" అన్నాడు మెల్లగా. ఆ మాట వాడు ముసలాడై పోయేదాకా ఏడాదికోసారైనా అనేవాడు. ఆవిడ ఒకటే అనేది, "పడింది. ఆ రోజు పడింది."

ఇందాక మీరు తిన్న రొట్టెలో నూనె ఆ పిలకలదే. రేపు ఎవరైనా మీ దగ్గరికొచ్చి చక్రాన్ని గెలిచే కిటుకుందంటే, వాళ్ళతో కొట్లాడకండి. కూచోబెట్టి తినడానికేదైనా పెట్టి, ఆ డబ్బీలోకి వెళ్ళిన గోళీ సంగతి చెప్పండి. ఒనొరీనా పేరు కూడా చెప్పండి, మర్చిపోకండేం.