ఇరవై నాలుగో తారీఖు బొట్టు

నా కూతురు అంకిత తన నెలసరి గుడ్డ తానే ఉతుక్కుంటోంది. నేను బియ్యం చెరుగుతూ చూడనట్టే చూస్తున్నాను. "సబ్బు పెట్టు, పిండు, ఎండకెయ్యి" అని నా గొంతుతోనే తనకు తాను చెప్పుకుంటోంది. పదిహేడేళ్ల పిల్లకు ఈ మూడు పనులు నేర్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఉతకడం అయ్యాక వంటింట్లోకి వచ్చి, ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన కేలెండర్లో ఈ రోజు మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది. మళ్లీ వచ్చేది ఇరవై నాలుగుకని చూపిస్తే, కాగితం తిప్పి అక్కడ ఇంకొకటి.

పుట్టినప్పుడు నిజామాబాద్ డాక్టరు డౌన్ సిండ్రోమ్ అని రాసిచ్చాడు. మా అత్త రుక్మాబాయి ఆ పేరు ఎన్నడూ పలకలేదు, అంకిత పేరూ పలకదు. "నీ పిల్ల" అంటుంది, అంతే.

"ఇంకెన్నొద్దులు నీ పిల్లకు గీ గుడ్డల లొల్లి? గర్భసంచి తీపియ్యరాదా? మన చెరుకు కొట్టనీకొచ్చే మరాఠోళ్ల ఆడోళ్లను సూడు, సగం మంది తీపిచ్చుకున్నోళ్లే. పొద్దుందాక కొయిత కత్తి పడ్తలేరా?"

పడుతున్నారు. నెలసరి రోజుల్లో పని పోకూడదని ముప్పై నిండకుండానే తీయించుకుంటారు. చెరకు మోపు దించాక వాళ్లు నడుము పట్టుకుని ఎలా కూలబడతారో కూడా చూశాను. ఆ నొప్పి నాకు కొత్తది కాదు. తెల్లబట్ట అవుతోందని వెళితే ఇరవై ఏడో ఏట నాకూ తీసేశారు. "గంట పని పుష్పలతా. ఉంచుకొని ఏంజేస్తవ్, ఇంకోటి గూడ గిట్లనే పుడితె?" అన్నాడు నా భర్త నరేందర్. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

వారం తిరక్కముందే నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. బిర్యానీ తిందామని చెప్పి అంకితను తీసుకొచ్చాం. ఆపరేషన్ కాగితం కింద నరేందర్ అప్పుడే సంతకం పెట్టేశాడు.

"తల్లి గూడ పెట్టాలమ్మా," అందామె.

"పెట్టు. కింద ఆటో ఆగింది," అన్నాడు నరేందర్. "నీ బాధ సూడలేకనే గద నేను గింత జేసేది."

ఆ మాటకే పెన్ను మూత తీశాను. ఎందుకంటే అది అబద్ధం కాదు. రెండేళ్ల కిందట కోతల కాలంలో ఇరవై మందికి వండి పెట్టి వచ్చేసరికి, అంకిత మంచమంతా, గోడంతా నెత్తురు పూసి కూర్చుంది. దాన్ని కొట్టాను. "దీనికి గూడ తీపిస్తె నా పీడ పోతది" అన్నాను. ఆ మాట ముందు అన్నది అత్త కాదు, నేను. ఆమె దాన్ని దాచిపెట్టుకుని ఇప్పుడు బయటికి తీసింది.

అంకిత లేచి గోడకున్న కేలెండర్ దగ్గరికి వెళ్లింది. అంకెల మీద వేలు నడిపించి, రెండు, నాలుగు పక్కపక్కనున్న చోట ఆగింది. నుదుటి బొట్టు ఊడదీసి అక్కడ అంటించింది.

"అమ్మా, గప్పుడొస్తది. నేనే ఉతుక్కుంట."

డాక్టరమ్మ తల దించుకుంది. నేను పెన్నుకు మూత పెట్టాను.

"ఇరవై నాలుగు పోనియ్యి," అన్నాను.

"పోతే?" అన్నాడు నరేందర్.

నేను పోతే అంకితను ఎవరు సాకుతారో తెలియదు. వచ్చే నెల మళ్లీ ఇదే కుర్చీలో కూర్చోబెడతారు, అప్పుడు నా చెయ్యి ఏం చేస్తుందో ఒట్టేసి చెప్పలేను. నా నుదుటి బొట్టు తీసి దాని నుదుటన పెట్టాను. నరేందర్ అది చూసి మొహం తిప్పుకున్నాడు.

మెట్లు దిగుతుంటే అంకిత నా కొంగు లాగింది.

"బిర్యానీ?"

ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కానివ్వను.