తప్పిపోయిన పిల్లల రిజిస్టరు

నేను పేపరు మొదటి పేజీ నుంచి చదవను. లోపలెక్కడో చిన్న అక్షరాల్లో వేసే ప్రకటనల దగ్గర మొదలుపెడతాను. టెండర్లు, వేలాలు, పేరు మార్చుకున్నవాళ్లు, కనబడుటలేదు అని ఫొటో వేయించిన ఇళ్లవాళ్లు. పెద్ద వార్తలు ఎవరో ఒకరు చెబుతారు, చిన్న అక్షరాలవి మనమే చూసుకోవాలి. బడి మొహం చూడనిదాన్ని కాబట్టి ఏ అక్షరాన్నీ వదలబుద్ధి కాదు. పదిమందికీ కుట్టుపని చేసే రోజుల్లో చొక్కాల కొలతలకు పాత పేపర్లు కత్తిరించేదాన్ని. ఆ ముక్కల మీది అక్షరాలను దుకాణాల బోర్డులతో పోల్చుకుంటూ, నలభై దాటాక ఒక్కొక్కటిగా పట్టుకున్నాను.

ఆ ప్రకటన అలాగే కంటబడింది. మునిసిపాలిటీవాళ్లు పాత పిల్లల హోమ్ భవనాన్ని కూలగొడుతున్నారు. అందులోని రికార్డులు పెద్దాఫీసుకు తరలించారు. అక్కడ పెరిగినవాళ్లు తమ వివరాల నకళ్లు కావాలంటే రికార్డుల విభాగంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

రెండుసార్లు లోపల చదువుకుని, మూడోసారి అక్కకు పైకి చదివాను. ఆ హోమ్‌లో పదమూడేళ్లు పెరిగినదాన్ని నేను.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. బావ పోయాక తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. చదువు రాదు, ఇప్పుడు చూపు కూడా మసక. రోజూ సాయంత్రం నేను పేపరు చదువుతుంటే మంచం మీద ఒరిగి వింటూ, పదవుల్లో ఉన్నవాళ్లందరినీ వరసపెట్టి తిడుతుంది. ఆ రోజు మాత్రం ఎవర్నీ తిట్టలేదు.

"పాత గోడలు కదిపితే దుమ్మే లేస్తుంది. నీకెందుకే అవన్నీ," అని అటు తిరిగి పడుకుంది.

నాకెందుకో చెప్పాలంటే మా కథ చెప్పాలి. అమ్మ పోయింది. నాన్న పనికని వెళ్లి తిరిగి రాలేదు. ఆ ఏడాది అక్క నన్నూ, పాలు మరిచీ మరవని తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని ఊరు మారుతోంది. అప్పుడు నాకు ఆరేళ్లు. బస్టాండు నిండా జనం. ఒక చంకలో తమ్ముడు, ఇంకో చేతిలో నా చెయ్యి. బొమ్మలవాడెవడో గిలక్కాయ ఊపుకుంటూ పోతుంటే నేను చెయ్యి వదిలేసి వాడి వెంట పడ్డాను. అక్క తిరిగి చూసేసరికి నేను లేను. వీధి వీధీ వెతికింది, కనబడినవాళ్లనల్లా అడిగింది. ఎవరో పుణ్యాత్ములు నన్ను హోమ్‌లో చేర్చారు. పదమూడేళ్ల తర్వాత ఆచూకీ తెలుసుకుని వచ్చి, గేటు దగ్గర నన్ను కావలించుకుని ఏడ్చింది. "చెయ్యి ఎందుకు వదిలావే" అన్నది ఆవిడ నాతో అన్న మొదటి మాట.

ఇదంతా నాకు గుర్తున్నది కాదు, అక్క చెప్పింది. హోమ్‌లో మా కథలు మాకు చెప్పకూడదని నియమం. అక్క చెప్పగా చెప్పగా ఆ బొమ్మలవాడు నాకు కళ్లకు కట్టినట్టు కనబడడం మొదలుపెట్టాడు. అక్కేమో ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఏడ్చేది. నేనే ఊరడించేదాన్ని. చిన్నపిల్లని, తెలియక వదిలాను, నీ తప్పేముంది అనేదాన్ని.

తర్వాత నా బతుకంతా ఎవరినో ఒకరిని పట్టుకోవడమే అయింది. పెళ్లయిన ముప్పై ఏళ్లూ బజారులో ఆయన చొక్కా అంచు పట్టుకునే నడిచాను. "మా ఆవిడ దర్జీ కదా, నడుస్తూనే కొలతలు తీసుకుంటుంది," అని ఆయన నలుగురిలో నవ్వేవారు. ఆస్పత్రిలో ఆయన ఆఖరి రోజుల్లో కూడా చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లిన పది నిమిషాల్లో పోయారు. నేను వదిలితే మనుషులు పోతారు అని అప్పుడు గట్టిగా అనుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా గుమ్మం దిగుతుంటే వాళ్ల వెనకే నాలుగడుగులు వేస్తాను.

అందుకే నాకు ఆ కాగితం కావాలనిపించింది. నన్ను హోమ్‌కు తెచ్చినవాళ్లు చూసింది చూసినట్టు రాయించి ఉంటారు. నేను చెయ్యి వదిలానా, జనం తోపులాటలో జారిందా? ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు. డెబ్బై ఒక్కటో ఏట అయినా అది తెలుసుకోవాలి.

రికార్డుల విభాగం పెద్దాఫీసులో మెట్ల కింద గది. పదింటికి తెరుస్తారంటే తొమ్మిదికే వెళ్లి బల్ల మీద కూర్చుని, దరఖాస్తు సంచిలోనే ఉందా అని నాలుగుసార్లు చూసుకున్నాను. గుమాస్తాకు యాభై ఏళ్లుంటాయి. కళ్లద్దాల కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు. నా కాగితం చూసి వెనక్కి తోశాడు. పిల్లల హోమ్ రికార్డులు అంటే కుదరదట, ఏ రిజిస్టరో పేరు పెట్టి రాయాలట.

"మేం అడిగిన పుస్తకమే తీస్తాం పెద్దమ్మా. సూది అడిగితే సూదే. దారం కావాలంటే దానికి ఇంకో దరఖాస్తు."

పుస్తకాల పేర్ల పట్టీ గోడకు అంటించి ఉంది. అందులో మొదటిదే 'తప్పిపోయిన పిల్లల రిజిస్టరు'. అదే రాశాను. నెలలోపు జవాబు ఇస్తామని రసీదు ఇచ్చారు.

ఇరవై మూడో రోజున జవాబు వచ్చింది. నేను రాసిన ఏడాదీ, దానికి ముందూ వెనకా ఏళ్లూ చూశారు. సదరు రిజిస్టరులో దరఖాస్తుదారు వివరములు లేవు. అంతే.

నేనసలు అక్కడ పెరగనే లేదా అన్నంత భయం వేసింది. మర్నాడే గుమాస్తా దగ్గరికి వెళ్లాను. అతను నా మొహం చూసి, మంచినీళ్లు ఇచ్చి, నెమ్మదిగా చెప్పాడు. దారిలో దొరికిన పిల్లలను ఆ పుస్తకంలో రాసేవారు. పోలీసులకు కబురు చేసి, పేపర్లో వేయించేవారు. ఇంట్లోవాళ్లే తెచ్చి ఇచ్చిన పిల్లలకు వేరే పుస్తకం ఉండేది. గోడ మీది పట్టీలో నాలుగోది, 'అప్పగించిన పిల్లల రిజిస్టరు'.

"అది నాది కాదు బాబూ. నేను తప్పిపోయిన పిల్లని," అన్నాను.

"నేను మరోటి అనడం లేదు పెద్దమ్మా. రాస్తే వెతుకుతాను, లేకపోతే లేదు."

అందులో నేను లేనని తేల్చుకోవడానికే రాశాను. ఆ మాట ఒట్టు పెట్టి చెప్పగలను. అక్కకు మాత్రం చెప్పలేదు.

రెండో జవాబుతో ఒక నకలు పేజీ వచ్చింది. పోస్టులో పంపకుండా గుమాస్తా నన్ను ఆఫీసుకు పిలిపించి చేతికిచ్చాడు. ఆ బల్ల మీదే కూర్చుని, వేలు కింద పెట్టుకుని చదివాను. పేరు నాదే. నాన్న పేరు మా నాన్నదే. వయసు ఆరు. తెచ్చినవారు: బాలిక అక్క, వయసు పదిహేడు. కారణము: తల్లి లేదు, తండ్రి జాడ లేదు, ఇద్దరిని పోషించలేను, మగపిల్లవానిని ఉంచుకొందును. దాని కింద రిమార్కులని ఒక గడి ఉంది. అందులో అదే చేతిరాతతో ఇలా ఉంది: 'బాలిక అక్క చేయి ఎంతకును వదలనందున ఆయా వచ్చి బలవంతముగా విడదీసినది. చదివి వినిపించగా ఒప్పుకొని వేలిముద్ర వేసినది.' పక్కనే అక్క వేలిముద్ర నల్లగా, బాగా అదిమి వేసినట్టుంది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గుమాస్తా భోజనం కట్టు విప్పుకోబోయి, మళ్లీ కట్టేసి పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే పేపరు చదవడానికి కూర్చున్నాను. పేపరు మధ్యలో పెట్టి ఆ పేజీ చదివాను. వార్త చదివే గొంతుతోనే, తేదీ దగ్గర్నుంచి వేలిముద్ర దాకా. అక్క మొదట సగం వార్త అనుకునే విన్నట్టుంది. తర్వాత ఆవిడ కాళ్లు ముడుచుకుంది.

"నాకప్పుడు పదిహేడేళ్లేనే," అంది.

"అది నేను అడగడం లేదక్కా. నీ చోట నేనున్నా అదే చేసేదాన్నేమో. చెయ్యి వదిలింది నేనని ఎందుకు చెప్పావు?"

కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు లేదు, ఊరికే తుడుచుకుంది.

"లేకపోతే నువ్వు అడిగేదానివి, ఎందుకు వదిలేశావని. తప్పు నీదేనంటే ఇంక అడగవు కదా."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. యాభై రెండేళ్లు విన్నాను నేను. ఆవిడే మళ్లీ అందుకుంది. "నెలనెలా వచ్చేదాన్నే," అంది. "గేటు ఇవతల నిలబడి, ఆవరణలో నువ్వు బట్టలు ఆరేస్తుంటే చూసి పోయేదాన్ని. లోపలికొస్తే నువ్వు వదలవని వచ్చేదాన్ని కాదు. నేను వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర కాపలావాడు పుస్తకంలో వేలిముద్ర వేయించుకునేవాడు. పదమూడేళ్లూ అలా వచ్చాను."

తమ్ముడికి ఫోన్ చేశాను. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, ఊరికి ఆ చివర ఉంటాడు. విషయం చెప్పాను. "ఇప్పుడది తవ్వితే ఏమొస్తుందక్కా," అన్నాడు. నీకెప్పటి నుంచి తెలుసని అడిగాను. నా పెళ్లినాటికే తెలుసన్నాడు. పెద్దక్క చెప్పొద్దందట. ఆ ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కదాన్నేనన్నమాట. నా పెళ్లిలో నన్ను సాగనంపుతూ, దారిలో ఎవరి చెయ్యీ వదలకు చిన్నక్కా అని నవ్వించినవాడు వాడే.

అయినా ఆ గేటు మాట నన్ను పట్టుకుంది. వారం రోజులు కుట్టుమిషన్ మీద గుడ్డ పెట్టి కుట్టకుండా కూర్చున్నాను. ఎండలోనో వానలోనో గేటు పట్టుకుని నిలబడిన పద్దెనిమిదేళ్ల పిల్ల నాకు కనబడేది. అది నిజమైతే మిగతాదంతా మింగగలను అనిపించింది. ఆకలికి ఇచ్చేసింది, ప్రేమకు చూసిపోయింది, భయానికి అబద్ధమాడింది. అలా అనుకుంటే మళ్లీ ఆవిడకు మంచం పక్కన మంచినీళ్లు పెట్టగలిగేదాన్ని.

మూడో దరఖాస్తులో 'సందర్శకుల రిజిస్టరు' అని రాశాను. గుమాస్తా దాన్ని చేత్తో పట్టుకుని, "ఇంక చాలేమో పెద్దమ్మా," అన్నాడు. తీసుకో బాబూ అన్నాను. పదమూడేళ్ల పేజీలు నకలు తీయడం కుదరదు, కావాలంటే మీరే వచ్చి చూసుకోండి, ఆ హక్కు మీకుంది అన్నాడు.

నాలుగు లావుపాటి పుస్తకాలు. మెట్ల కింద గదిలో బల్బు కింద మూడు రోజులు కూర్చున్నాను. వేలు కింద పెట్టి ఒక్కో వరసా చదివాను. ఏ పిల్ల కోసం, ఎవరు, ఏ తేదీన, ఎందుకు. నా పక్క మంచం పిల్ల కోసం వాళ్ల నాయనమ్మ ప్రతి శుక్రవారం వచ్చింది. మరో పిల్ల కోసం ఎవరో మేనమామ ఏడాదికోసారి కొత్త బట్టలు తెచ్చాడు. నా పేరు ఉన్న గడి కోసం కళ్లు లాగేవి. కొన్ని చోట్ల సిరా వెలిసిపోతే గుమాస్తా తన కళ్లద్దాలు తీసి ఇచ్చాడు. పేజీలు అతుక్కుపోయిన చోట కుట్టు విప్పినంత జాగ్రత్తగా విడదీశాను. ఒక్క పేజీ తప్పించలేదు, చిరిగినదీ లేదు.

మూడో రోజు మధ్యాహ్నం నాలుగో పుస్తకం చివర్లో దొరికింది. పదమూడేళ్లకూ కలిపి ఒక్క వరస. నన్ను తీసుకెళ్లిన రోజుది. వచ్చిన పని: 'ఇంట పసిబిడ్డను చూచుకొనుటకు మనిషి అవసరమైనందున బాలికను తీసుకొనిపోవుటకు.' నిజమే, అక్క పెద్దకొడుకును నాలుగేళ్లు నేనే ఎత్తుకుని పెంచాను. దొరికిన చెల్లెలికి ఎంత ముద్దుగా బిడ్డను అప్పగించింది అని అప్పట్లో అందరూ అన్నారు.

పుస్తకాలు మూసి, చూసినట్టు సంతకం పెట్టాను. గుమాస్తా వీధి దాకా వచ్చి నన్ను రోడ్డు దాటించాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క మేలుకునే ఉంది. నేను మూడు రోజులుగా ఎక్కడికి వెళ్తున్నానో తెలుసు ఆవిడకు. చెప్పులు విప్పక ముందే అడిగింది.

"ఏం రాశారే అందులో?"

సంచిలోంచి ఏదో కాగితం తీసి విప్పాను. అది నా రసీదు. ఆవిడకు తెల్ల కాగితమని మాత్రమే కనబడుతుంది. ఉన్నది ఉన్నట్టు చదువుదామనే నోరు తెరిచాను. ఎందుకో నోట్లోంచి వేరే మాట వచ్చింది. 'లేదే, నేను ఒక్కసారి కూడా రాలేదే' అని ఆవిడే అంటుందని నా ఆశ కాబోలు. ఆ ఒక్క మాట ఆవిడ నోటి నుంచి వింటే చాలనుకున్నాను.

"నెలనెలా వచ్చావని ఉందక్కా," అన్నాను. "పదమూడేళ్లూ. అన్నిసార్లూ వేలిముద్రలున్నాయి."

అక్క మసక కళ్లు నా మొహం వైపు తిరిగి అక్కడే నిలిచాయి. నేను కాగితం దించకుండా నిలబడ్డాను. ఆవిడ పెదవులు కదిలాయి, ఆగాయి. తర్వాత దిండుకు జారబడింది.

"నేను చెప్పలేదూ," అంది. "ఓసారి పెద్ద వానలో కూడా వచ్చాను. గొడుగు కూడా లేదు."

"అదీ రాశారక్కా," అన్నాను.